కాలేయవ్యాధికి ఎలుక మూత్రపిండము సాక్ష్యము

మనుష్యుని కాలేయమునకు వచ్చిన ఒకానొక వ్యాధిని నిర్ణయించుటకై, ఎలుక కాలేయమును, ఎలుక మూత్రపిండమును, ఎలుక జఠరమును పలుచని పొరలుగా కోసి, గాజుపలకపై ప్రక్కప్రక్కన పఱచి, వానిమీద ఆ మనుష్యుని రక్తరసిని ఒక చుక్క వేసి చూతురని చెప్పినచో, వైద్యశాస్త్రముతో పరిచయము లేనివారు దానిని ఏదో తాంత్రికప్రయోగముగా భావించినను ఆశ్చర్యపడ నక్కఱలేదు. కాని పెద్ద ఆసుపత్రుల పరీక్షాశాలలలో నేటికిని జరుగుచున్నది ఇదియే. అందును విచిత్రమేమనగా, ఆ మూడు కణజాలములలో వైద్యునకు ఎక్కువ సంగతులు చెప్పునది కాలేయము గాక మూత్రపిండము. రోగము ఒక యవయవమున నుండగా దాని జాడ వేఱొక జంతువు యొక్క వేఱొక యవయవమున ఏల కనబడవలెనను ప్రశ్నకు సమాధానము దొరకుటకు శాస్త్రజ్ఞులకు ఇరువదియేండ్లకు పైగా పట్టినది.

మన శరీరమున ప్రవేశించు సూక్ష్మజీవులను గుర్తించి హతమార్చుటకు ఏర్పడిన రక్షణవ్యవస్థ, ఒక్కొక్కప్పుడు స్వపరభేదమును మఱచి, తన దేహమునందలి యవయవమునే శత్రువుగా నెంచి దానిపై దండెత్తుట కలదు; అందువలన వచ్చునవే స్వీయరక్షక (ఆటోఇమ్యూన్) వ్యాధులు. ఆ దాడి థైరాయిడు గ్రంథిపై జరుగవచ్చును, కీళ్లపై జరుగవచ్చును, చర్మముపై జరుగవచ్చును; కాలేయముపై జరిగినప్పుడు అది ముఖ్యముగా రెండు రూపములను దాల్చును. కాలేయకణములే నేరుగా దెబ్బతిన్నచో దానిని ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అందురు. కాలేయములోపలి సన్నని పైత్యనాళికలు మెల్లమెల్లగా నశించుచు వచ్చినచో దానిని ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అందురు. రెండును స్త్రీలకే అధికముగా వచ్చును. మొదటిదాని రోగులలో సుమారు నలుగురిలో ముగ్గురును, రెండవదాని రోగులలో సుమారు పదిమందిలో తొమ్మిదిమందియు స్త్రీలే. పైత్యనాళికల వ్యాధికి దురద, నీరసము ముఖ్యలక్షణములు. హెపటైటిస్ యందు నీరసమునకు తోడు కీళ్లనొప్పులు, అప్పుడప్పుడు కామెర్లు కనబడును. ఆ కామెర్లు కొన్నాళ్లు హెచ్చి కొన్నాళ్లు తమంతట తామే తగ్గుచుండును. తగ్గిన ఆ కాలములోనే రోగి పసరు త్రాగియుండినచో ఆ ఘనత పసరునకు దక్కును. లోపల కాలేయము మచ్చలుపడి గట్టిపడుచునే యుండును. మన పల్లెలలో ఈ వ్యాధి ఆలస్యముగా బయటపడుటకు గల కారణములలో ఇది యొకటి.

ఈ హెపటైటిస్‌ను తొలుత గుర్తించినవారికి దానితో రక్షణవ్యవస్థకు సంబంధము కలదని తెలియదు. 1950వ సంవత్సరమున స్వీడన్ దేశపు వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్, కొందఱు యువతులకు దీర్ఘకాలము విడువని కాలేయశోథ కలుగుచున్నదనియు, వారి రక్తములో గామా గ్లోబ్యులిన్ అను ప్రోటీనుల మొత్తము విపరీతముగా పెరిగియున్నదనియు జర్మనీలో జరిగిన ఒక వైద్యసభలో తెలిపెను. మరుసటి సంవత్సరమే న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో హెన్రీ కుంకెలును, ఆయన సహచరులును అట్టి రోగులనే వర్ణించిరి. ప్రతిరక్షకములు, అనగా యాంటీబాడీలు, గామా గ్లోబ్యులిన్లలోనివే యగుటచేత, ఇంత ప్రోటీను ఊరక తయారగుట లేదని, శరీరము దేనిమీదనో మిక్కిలి పట్టుదలతో ప్రతిరక్షకములను గుప్పించుచున్నదని అనుమానింప వీలుకలిగెను. దేనిమీద అన్నదే తేలలేదు.

దానికి సూచన మెల్‌బోర్న్ నగరమునుండి వచ్చినది. అంతకు కొన్నియేండ్లు ముందు, 1948లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో మాల్కం హార్‌గ్రేవ్స్ అను వైద్యుడు లూపస్ అను స్వీయరక్షక వ్యాధిగలవారి ఎముకమజ్జలో ఒక వింత తెల్లకణమును చూచియుండెను. అది మఱియొక కణపు కేంద్రకమును సమూలముగా మింగి, కడుపుబ్బి యుండెను. రోగి రక్తరసిలో కేంద్రకములకు అంటుకొను ప్రతిరక్షకము లుండుటవలననే అట్లు జరుగుచున్నదని పిమ్మట తెలిసినది. 1955లో మెల్‌బోర్న్ వైద్యులకు అదే కణము, లూపస్ లేని దీర్ఘకాలిక కాలేయరోగుల రక్తమునను కనబడెను. మరుసటి యేట ఇయాన్ మకాయ్, ఆయన సహచరులు ఈ వ్యాధికి లూపాయిడ్ హెపటైటిస్ అని పేరుపెట్టిరి. ఆ పేరు నిలువలేదు గాని, అది సూచించిన భావము నిలిచినది.

ఇంతలో అదే నగరమున, వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థయందు, కార్ల్‌టన్ గైడుసెక్ అను అమెరికా యువవైద్యుడు వేఱొక వేటలో నుండెను. హెపటైటిస్ కలిగించు వైరసు అప్పటికి ఎవ్వరికిని చిక్కలేదు. రోగి కాలేయమునుండి తీసిన సారములో వైరసు ఉండవలెననియు, కోలుకొన్నవారి రక్తరసిలో దానికి ప్రతిరక్షకము ఉండవలెననియు ఊహించి, ఆ రెంటిని కలిపి చూచుచుండెను. కొన్ని రక్తరసులు గట్టిగా స్పందించినవి. అక్కడితో సంతసించి, వైరసు దొరకినదని ప్రకటించియున్నచో ఆయన పేరు వేఱొక విధముగా మిగిలియుండెడిది. ఆరోగ్యవంతుని కాలేయసారముతోడను పోల్చి చూచుటచే అసలు సంగతి బయటపడెను: ఆ రక్తరసులు వ్యాధి లేని కాలేయముతోను అంతే గట్టిగా స్పందించుచున్నవి. అనగా ఆ ప్రతిరక్షకములు మనుష్యుని సొంత కణజాలమును గుర్తించుచున్నవి. ఈ విషయము 1957లో ప్రచురితమైనది. పోల్చి చూచుటకు పెట్టు ఆరోగ్యవంతుని నమూనాయందే పెక్కుమార్లు అసలు ఆవిష్కారము దాగియుండునని నా యభిప్రాయము; ప్రయోగము చేయువారు ఆ నమూనాను ఆచారమునకై పెట్టుదురు, దానివైపు శ్రద్ధగా చూచువారు కొందఱే. గైడుసెక్ అనంతరము న్యూగినీ దీవికి పోయి కురు అను వ్యాధిపై చేసిన కృషికి 1976లో నోబెల్ బహుమానము పొందెను. కాలేయపు కథ ఆయన జీవితమున ఒక చిన్న మజిలీ మాత్రమే.

ఆ సంస్థకు అప్పటి అధిపతి ఫ్రాంక్ మక్‌ఫార్లేన్ బర్నెట్. శరీరము తన్ను తాను విషముగా ఎంచదని శతాబ్దారంభమున పాల్ ఏర్లిచ్ చెప్పిన మాటకు వైద్యలోకము ఏబదియేండ్లు తలయొగ్గి యుండెను. ప్రతిరక్షకములను చేయు కణములు వేర్వేరు వంశములుగా పుట్టుననియు, సొంత కణజాలమును గుర్తించు వంశములు సాధారణముగా అణచివేయబడుననియు, అణచివేత తప్పినచోట స్వీయరక్షక వ్యాధి పుట్టుననియు బర్నెట్ 1957లో ప్రతిపాదించిన క్లోనల్ సెలెక్షన్ సిద్ధాంతమునకు, తన భవనమునందే తన కన్నులయెదుట జరుగుచుండిన ఈ కాలేయపరిశీలనలును ఊతమిచ్చినవి.

అయినను గైడుసెక్ పరీక్షలో ఒక లోపము కలదు. కాలేయమును నూఱి చేసిన సారముతో రక్తరసి స్పందించుచున్నదని అది చెప్పగలదేగాని, కణములో ఏ భాగమునకు ప్రతిరక్షకము అంటుకొనుచున్నదో చెప్పజాలదు. దానికి కంటితో చూచు ఉపాయము కావలసివచ్చెను. ఆ ఉపాయము హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ కూన్స్ చేతులలో 1941-42 నాటికే రూపొందియుండెను. ప్రతిరక్షకమునకు వెలుగునిచ్చు రంగునొకదానిని రసాయనికముగా జోడించి, అది ఎచ్చట అంటుకొన్నను సూక్ష్మదర్శినిలో మెఱయునట్లు చేయుటే ఆయన పద్ధతి. పిమ్మట ఆ రంగును రోగి ప్రతిరక్షకమునకు జోడింపక, మనుష్యుల ప్రతిరక్షకములన్నిటిని పట్టుకొను రెండవ ప్రతిరక్షకమునకు జోడించుట వాడుకలోనికి వచ్చినది. దీనివలన ఒక్క సీసా రంగుమందుతో ఎందఱి రక్తమునైనను పరీక్షింపవచ్చును.

పని జరుగు తీరు చూడవలసినదే. క్షణములో గడ్డకట్టించిన ఎలుక కణజాలమును మిల్లీమీటరులో రెండువందలవ వంతు మందమున కోసి పలకకు అంటింతురు. రోగి రక్తరసిని నలుబది వంతులకు పలుచన చేసి దానిపై వేసి, తడి ఆరిపోకుండ మూతగల పెట్టెలో అరగంట యుంతురు. ఎలుక కణజాలమునకు అంటుకొనునవి యుండినచో ఆలోపల అంటుకొనును. తక్కినవి కడుగుటలో పోవును. ఆపై రంగు జోడించిన రెండవ ప్రతిరక్షకమును వేసి, మరల అరగంట యుంచి, మరల కడిగి, చీకటిగదిలో నీలికాంతి ప్రసరించు సూక్ష్మదర్శిని క్రింద పెట్టుదురు. ప్రతిరక్షకములు లేని పలక మసకమసకగా, ఏమియు తోచకుండ ఉండును. ఉన్న పలకపై లేతపచ్చని వెలుగు పుట్టును. ఆ వెలుగు ఎచ్చట పుట్టినది, ఎట్లు పఱచుకొన్నది అనుదానిని బట్టి రోగనిర్ణయము సాగును. పచ్చదనము కనబడినచో రక్తరసిని ఎనుబది వంతులకు, నూటయఱువది వంతులకు, ఇట్లు రెట్టింపు రెట్టింపుగా పలుచన చేయుచు, వెలుగు మాయమగు వఱకు పోవుదురు. చివరగా వెలుగు కనబడిన పలుచనయే టైటర్; రోగి చేతికి వచ్చు రిపోర్టులో 1:80, 1:320 అని యుండునవి అవియే.

ఈ పద్ధతి 1965వ సంవత్సరమున ఇంగ్లండులో రెండు ఫలితములను ఇచ్చినది. జాన్సన్, హోల్‌బరో, గ్లిన్ అను మువ్వురు, కాలేయరోగుల రక్తరసిని ఎలుక జఠరముపై వేసినప్పుడు జఠరపు గోడలోని నునుపు కండరము మెఱయుటను గమనించిరి. కాలేయములో కండరమే స్వల్పము. అట్టి రోగమున కండరమునకు ప్రతిరక్షక మేల? ఆ ప్రశ్నకు ఎనిమిదేండ్ల పిమ్మట, అది కండరమునకు మాత్రమే చెందని ఆక్టిన్ అను ప్రోటీనుపై గుఱిపెట్టినదని జవాబు వచ్చినది. ఆక్టిన్ ప్రతి కణమునందును పోగులుగా నుండి దానికి ఆకారమును, కదలికను ఇచ్చును. అందుకే మూత్రపిండమునందు రక్తనాళముల గోడలు మాత్రమే మెఱసినచో దానికి అంతగా విలువనీయరు. వడపోత గుచ్ఛములును, సన్నని నాళికలును కూడ మెఱసినచో, అది ఆక్టిన్ పోగులపై గుఱిగల ప్రతిరక్షకమని, ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు బలమైన ఆధారమని ఎంచెదరు.

రెండవ ఫలితము లండనులోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రినుండి వచ్చినది. థైరాయిడు వ్యాధులలో స్వీయప్రతిరక్షకములను 1956లోనే కనుగొన్న డెబొరా డోనియాక్, ఐవాన్ రోయిట్, తమ సహచరుడు జెఫ్రీ వాకర్‌తోడను, కాలేయవైద్యమున మహావిదుషి యగు షీలా షెర్లాక్‌తోడను గూడి, పైత్యనాళికల వ్యాధిగల రోగుల రక్తరసులను పరీక్షించిరి. కణద్రవ్యమంతయు రేణురేణువుగా మెఱసినది. ఆ మెఱపు మైటోకాండ్రియా విరివిగాగల కణములలో, అనగా మూత్రపిండపు నాళికలలోను, జఠరమున ఆమ్లమును చేయు కణములలోను తీవ్రముగా నుండెను. అంతకు ఏడేండ్లు ముందు, 1958లో, మకాయ్ ఇదే వ్యాధిగల ఒక రోగి రక్తములో గైడుసెక్ పరీక్ష అత్యధికముగా పలుకుటను ప్రకటించియుండెను. ఆయనకు అందని లక్ష్యము ఇప్పుడు కంటికి కనబడినది. ఆహారమునుండి శక్తిని వెలికిదీసి, ఏటీపీ అను పదార్థరూపమున నిలువచేయునవి ఈ మైటోకాండ్రియాలే. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకడని ప్రసంగవశమున చెప్పుట నాకు ప్రీతికరము. మైటోకాండ్రియా ప్రతిరక్షకములు ఈ వ్యాధిగలవారిలో నూటికి తొంబదికి పైగా కనబడును. ఒక రక్తపరీక్ష ఒక వ్యాధిని ఇంత గట్టిగా పట్టియిచ్చుట వైద్యమున అరుదు.

ఆ పిమ్మట 1973లో డోనియాక్ పరీక్షాశాలలోనే మారియో రిజెట్టో అను ఇటలీ దేశస్థుడు మఱియొక నమూనాను వేఱుపఱచెను. అందును కాలేయకణము మెఱయును, మూత్రపిండనాళికలును మెఱయును. తొందరలో చూచినచో అది మైటోకాండ్రియా నమూనావలెనే యుండును. భేదము సూక్ష్మము. మైటోకాండ్రియా ప్రతిరక్షకము చిన్నవగు దూరనాళికలను ఎక్కువగా వెలిగించును, జఠరకణములను వెలిగించును. ఈ క్రొత్తది పెద్దవగు సమీపనాళికలను, అందును వల్కలమును మజ్జయు కలియుచోట నుండు చివరిభాగమును వెలిగించి, జఠరమును చీకటిలో వదలివేయును. దానికి ఎల్‌కేఎమ్ అని పేరు వచ్చినది; అది సూచించునది పైత్యనాళికల వ్యాధిని గాక ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను. మూత్రపిండము మాత్రము గల పలకపై, వల్కలమును మజ్జయు కలియు చోటు పొరలో రాకుండ కోసినచో, అనుభవశాలియైనను పొరపడును. ఎల్‌కేఎమ్‌ను మైటోకాండ్రియా అని వ్రాసి పంపుట పరీక్షాశాలలలో ప్రసిద్ధమైన తప్పు. దాని ఫలితము చిన్నది కాదు: పైత్యనాళికల వ్యాధికి అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లమును సంవత్సరములకొలది ఇత్తురు, హెపటైటిస్‌కు ప్రెడ్నిసొలోన్‌ను వెంటనే మొదలుపెట్టవలయును. ప్రెడ్నిసొలోన్ ఈ రోగుల ప్రాణములను నిలుపునని షెర్లాక్ బృందము 1971లో నియంత్రిత పరిశోధనచేత స్థాపించియుండెను గనుక, పేరు తప్పినచో మందు తప్పును, మందు తప్పినచో కాలేయము తప్పును. ఎలుక జఠరమును మూత్రపిండము ప్రక్కన పఱచుట ఈ ప్రమాదమునకు విరుగుడు.

ఇక మొదటి ప్రశ్న. కాలేయరోగమున మూత్రపిండ మేల మెఱయవలెను? ఈ లక్ష్యములు ఏ ప్రోటీనులో 1980ల చివరి భాగమున తేలినప్పుడు దీనికి సమాధానము దొరకినది. 1987లో ఎరిక్ గెర్ష్విన్, మకాయ్, రాస్ కొప్పెల్ మొదలగువారు ఎలుక కాలేయపు జన్యుసంచయమునుండి మైటోకాండ్రియా లక్ష్యమును చేయు జన్యువును వేఱుచేసిరి. మరుసటి యేట అది పైరువేట్ డీహైడ్రోజినేస్ అను ఎంజైము సముదాయమున రెండవ అంశమని తేలినది. అది శ్వాసించు ప్రతి కణమునందును, మనుష్యునియందును ఎలుకయందును ఇంచుమించు ఒకే రూపమున నుండును. ఎల్‌కేఎమ్ లక్ష్యము సైటోక్రోమ్ పీ450 కుటుంబమునకు చెందిన 2డీ6 అను ఎంజైము. దగ్గుమందులలోని కోడీనును మార్ఫీనుగా మార్చునది ఇదియే. జీవపరిణామము మార్చక కాపాడుకొనుచు వచ్చిన ప్రోటీనులే ఈ ప్రతిరక్షకములకు గుఱియగుటచేత, ఎలుక పొర మనుష్యుని పొరకు బదులుగా నిలువగలుగుచున్నది.

కాని ఇచ్చటనే మఱియొక చిక్కు పుట్టినది. ప్రతి కణములోను ఉన్న ప్రోటీనుపై ప్రతిరక్షకము లేచినప్పుడు, దేహమంతయు పాడుకాక, చిటికెనవ్రేలి గోటికన్న ఎన్నో రెట్లు సన్నని పైత్యనాళికలు మాత్రమే ఏల నశించుచున్నవి? కణములు కాలము తీరి చనిపోవునప్పుడు సాధారణముగా ఈ ఎంజైము రసాయనికముగా మార్పుచెంది ప్రతిరక్షకమునకు గుర్తుదొరకని స్థితికి పోవునని, పైత్యనాళికల కణములలో మాత్రము ఆ మార్పు జరుగక అది చెక్కుచెదరకుండ బయటపడుచున్నదని పరిశోధకులు చూపిరి. ఇది సమాధానములో కొంతభాగమే. మిగిలినదేమనగా, ఈ ప్రతిరక్షకములు కాలేయమును చంపుచున్నవనుటకు ఆధారములు బలహీనముగా నున్నవి. వాని లక్ష్యములు చాలవఱకు కణములోపల నుండును, సజీవకణములోనికి ప్రతిరక్షకము సులభముగా పోజాలదు. తల్లి రక్తములోని ప్రతిరక్షకములు మావి దాటి గర్భస్థశిశువును చేరును. ఐనను ఆ శిశువునకు ఈ వ్యాధి సాధారణముగా రాదు. కాలేయమును మార్చి క్రొత్తది పెట్టిన తరువాతను, క్రొత్త కాలేయము నిక్షేపముగా నుండగనే, మైటోకాండ్రియా ప్రతిరక్షకము రక్తములో ఏండ్లతరబడి నిలిచియుండుట సాధారణము. కణజాలమును ధ్వంసము చేయు పని ముఖ్యముగా టీ కణములది.

అందుచేత టైటర్ సంఖ్య పెద్దదైన కొలది వ్యాధి తీవ్రమనుకొనుట సరికాదు. 1:640 అని వ్రాసిన కాగితమును చేతబట్టుకొని, 1:80 గల ప్రక్కింటి ఆమెకన్న తమకు ఎనిమిదిరెట్లు జబ్బు ముదిరినదని కుంగిపోవువారు కలరు. పెద్దవారిలో వ్యాధి సాగుబాటును కొలుచుటకు వైద్యులు చూచునవి కాలేయపు ఎంజైములు, ఐజీజీ అను ప్రతిరక్షకముల మొత్తము. ఈ టైటరును నెలనెలా చేయించుట డబ్బుదండుగ.

నిప్పు లేనిదే పొగ రాదను సామెత ఇచ్చట పూర్తిగా చెల్లదు. కేంద్రకమునకు అంటుకొను ప్రతిరక్షకము, అనగా ఏఎన్‌ఏ, ఆరోగ్యవంతులలోను కనబడును; పలు దేశముల పరీక్షాశాలలు కలిసి 1997లో ప్రకటించిన పరిశోధనలో, 1:40 పలుచనయందు ఆరోగ్యవంతులలో నూటికి 31.7 మందికి, 1:160 యందును నూటికి అయిదుగురికి అది పాజిటివ్‌గా వచ్చినది. కాలేయమున క్రొవ్వు చేరినవారిలోను, హెపటైటిస్ బీ, సీ వైరసులు సోకినవారిలోను స్వీయప్రతిరక్షకములు తఱచు తగులును. హెపటైటిస్ సీ వైరసు 1989లో దొరకక పూర్వము, ఆటోఇమ్యూన్ అని ముద్రపడిన రోగులలో కొందఱు నిజమునకు వైరసురోగులే. సీ వైరసు రోగులలో కొందఱికి ఎల్‌కేఎమ్ కూడ కనబడును. 2డీ6 ఎంజైములోని ఒక చిన్నభాగమునకు ఆ వైరసు ప్రోటీనుతో పోలిక యుండుట దీనికి కారణము కావచ్చునని చెప్పుదురు.

మందులును ఇట్టి భ్రమను కలిగించును. మూత్రపు ఇన్ఫెక్షనుకు ఇచ్చు నైట్రోఫ్యురాంటాయిన్, మొటిమలకు ఇచ్చు మినోసైక్లిన్ ఈ విషయమున ఎప్పటినుండియో పేరుపడినవి. మనవారికి మఱింత దగ్గఱి ఉదాహరణము తిప్పతీగ. కోవిడ్ ప్రబలిన కాలమున, రోగనిరోధకశక్తిని పెంచునను నమ్మకముతో ఇంటింట దాని కషాయమును, మాత్రలను సేవించిరి. 2021లో ముంబై వైద్యులును, ఆ మరుసటి యేట హైదరాబాదు వైద్యులు పాలుపంచుకొన్న దేశవ్యాప్త పరిశీలనలో 43 మంది రోగులను వర్ణించినవారును, తిప్పతీగ సేవించిన పిమ్మట కామెర్లతో వచ్చిన రోగులలో స్వీయప్రతిరక్షకములును, ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన కాలేయచిత్రమును చూచితిమని తెలిపిరి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నిర్ణయమును అంగీకరింపలేదు, చర్చ ముగియలేదు. నాకు తోచునదేమనగా, రక్షణవ్యవస్థను రెచ్చగొట్టునని చెప్పి అమ్ము వస్తువు నిజముగానే రెచ్చగొట్టినచో, ముందే స్వీయరక్షకవ్యాధికి మొగ్గు గలవారికి అది మేలుచేయునని ఎట్లు ఆశింతుము? కనుక కామెర్లతో వచ్చినవారిని డాక్టరు గారు పసరులు, చూర్ణములు, కషాయములు ఏమేమి వాడినారని అడిగినప్పుడు, సిగ్గుపడి దాచుట పాజిటివ్ రిపోర్టును తప్పుదారి పట్టించుటయే.

నెగెటివ్ వచ్చినంత మాత్రమున వ్యాధి లేదనుటయు చెల్లదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ రోగులలో పదింట ఒకరి వఱకు మామూలు పరీక్షలో ఏ ప్రతిరక్షకమును కనబడదు. వీరిలో కొందఱికి ఎస్‌ఎల్‌ఏ అను ప్రతిరక్షకము ఉండవచ్చును. దాని లక్ష్యము నీటిలో కరగునది యగుటచేత పలకను కడుగునప్పుడే కొట్టుకొనిపోవును, సూక్ష్మదర్శినిలో ఎంత వెదకినను దొరకదు. దానిని పట్టుటకు ఎలైసా లేక బ్లాట్ అను పద్ధతులు కావలయును. ఎలుక పొరలు ఇంకను ఆధారమే గాని సర్వస్వము కావని ఈ యొక్క ప్రతిరక్షకమే చాటుచున్నది. ఇది కనబడినచో మాత్రము ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని ఇంచుమించు నిశ్చయముగా చెప్పవచ్చును.

ఇట్లు ఏ యొక్క పరీక్షయు స్వతంత్రముగా తీర్పు చెప్పజాలదు గనుకనే, అంతర్జాతీయ నిపుణులబృందము 1993లో ఒక మార్కులపట్టికను రచించి, 1999లో దానిని సవరించి, 2008లో సులభము చేసినది. 2008 నాటి పట్టికలో ప్రతిరక్షకములకు రెండు మార్కులకు మించి రావు. ఐజీజీ పెరుగుదలకు రెండు, సూదితో తీసిన కాలేయపు ముక్కలో కనబడు చిత్రమునకు రెండు, వైరసు హెపటైటిస్ లేదని తేలుటకు రెండు; మొత్తము ఎనిమిదిలో ఆరు వచ్చినచో సంభావ్యము, ఏడు వచ్చినచో నిశ్చయము. అందులోని నిష్పత్తిని చూడుడు: ఎంత పెద్ద టైటరుకైనను నాలుగవ వంతుకు మించి విలువ కట్టలేదు. బయాప్సీ యనగానే భయపడి, రక్తపరీక్షయే మరియొకసారి చేయించుమని వేడుకొను రోగులకు ఈ పట్టికను చూపుట మంచిది.

పైత్యనాళికల వ్యాధి విషయమున ప్రతిరక్షకమునకు అధికగౌరవము కలదు. ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అను ఎంజైము పెరిగి, మైటోకాండ్రియా ప్రతిరక్షకము కనబడినచో సాధారణముగా బయాప్సీ లేకయే నిర్ణయింతురు. ఐతే కాలేయపరీక్షలన్నియు సక్రమముగానుండి ఆ ప్రతిరక్షకము మాత్రమే కనబడినవారి సంగతి యేమి? ఫ్రాన్సు దేశమున అట్టివారిని వెంబడించి చూడగా, అయిదేండ్లలో ఆరుగురిలో ఒకరికి మాత్రమే వ్యాధి బయటపడినది. కాలేయపరీక్షలు సక్రమముగా నున్నంతవఱకు అట్టివారికి మందు అక్కఱలేదు. ఏటేట ఒకసారి కాలేయపు ఎంజైములను చూచుకొన్న చాలును.

పిల్లల లెక్క వేఱు. ఎల్‌కేఎమ్ గల హెపటైటిస్ ముఖ్యముగా పసివారికి, బాల్యమున నున్నవారికి వచ్చును. కొందఱిలో దినములలోనే కాలేయము చేతులెత్తివేయు స్థితికి పోవును. పిల్లల రక్తములో ఆరోగ్యదశయందు స్వీయప్రతిరక్షకములు మిక్కిలి అరుదు గనుక, ఏఎన్‌ఏ గాని నునుపుకండర ప్రతిరక్షకము గాని 1:20 పలుచనలో కనబడినను, ఎల్‌కేఎమ్ 1:10లో కనబడినను దానిని లెక్కలోనికి తీసికొనవలయును. పెద్దలయందు వలెగాక, చికిత్స సాగినకొలది వారి టైటరు తగ్గుటయు, వ్యాధి తిరుగబెట్టినప్పుడు పెరుగుటయు కూడ కనబడును. పెద్దలకొఱకు నలుబది వంతుల పలుచనతోనే మొదలుపెట్టు పరీక్షాశాలలో ఇట్టి పిల్లవాని రక్తరసి నెగెటివ్ అని తిరిగివచ్చును. పంపించిన చీటీలో రోగి వయస్సు వ్రాసియుండనిచో, సూక్ష్మదర్శినియెదుట కూర్చున్నవారు రక్తరసిని అంతకన్న చిక్కగా వేసి చూడవలెనని తెలిసికొనుటకు వేఱొక మార్గము లేదు.